వేట లెక్కకి మందుల్ని సర్దాం: శ్రీకాకుళం తీరంలో ఒక టీబీ కేసు

మా పీహెచ్‌సీ టీబీ రిజిస్టర్లో మందులు మధ్యలో ఆపేసినవాళ్ళ పేర్లన్నీ ఒకచోట రాసుకుని, పక్కనే ఏ నెలలో ఆపేశారో కూడా రాస్తే ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనబడింది. వ్యవసాయం ఊళ్ళవాళ్ళు ఆపేస్తే ఏ నెలలోనైనా ఆపేస్తున్నారు. సముద్రం ఒడ్డు ఊళ్ళ మగవాళ్ళు మాత్రం ఎక్కువగా ఆగస్టు రాగానే ఆపేస్తున్నారు. నిర్లక్ష్యం, తాగుడు, చదువు లేకపోవడం అని మనం మీటింగుల్లో చెప్పుకునే కారణాలేవీ నెల చూసుకుని రావు కదా.

కారణం ఈ తీరంలో పుట్టిన ఎవర్ని అడిగినా చెబుతారు. ఆగస్టులో గుజరాత్ వేట మొదలవుతుంది.

శ్రీకాకుళం జిల్లాకి దాదాపు 190 కిలోమీటర్ల తీరం ఉంది గానీ పెద్ద బోట్లు నిలిపే హార్బర్ లేదు. బుడగట్లపాలెం హార్బర్, మంచినీళ్ళపేట జెట్టీ మాటలు ఏళ్ళుగా వింటూనే ఉన్నాం. అందుకే ఇక్కడి మగవాళ్ళు ఆమదాలవలసలో రైలెక్కి గుజరాత్‌లోని వెరావల్ రేవు దాకా పోయి అక్కడి బోట్లలో కళాసీలుగా, అంటే బోటు కూలీలుగా, చేస్తారు. విజయనగరం జిల్లాలో పూసపాటిరేగ, భోగాపురం తీరం నుంచీ ఇదే వలస. 2018 నవంబరులో పాకిస్తాన్‌కి చిక్కి, 2020 జనవరిలో ఇళ్ళకి చేరిన మన జాలర్లు కూడా ఇలా పొట్ట చేత్తో పట్టుకుని వెళ్ళినవాళ్ళే. మన తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, పడమటి తీరంలో జూన్ 1 నుంచి జులై 31 వరకు. వలస వెళ్ళేవాళ్ళకి పడమటి లెక్కే లెక్క. మే నెలాఖరుకి ఇంటికొస్తారు, పెళ్ళిళ్ళు, ఇంటి పనులు, అప్పుల లెక్కలు, పిల్లల స్కూళ్ళు అన్నీ ఆ రెండు నెలల్లోనే ముగించుకుని జులై ఆఖరి వారంలో మళ్ళీ సంచి సర్దుకుంటారు.

ఇక్కడ రాస్తున్నది అలాంటి ఒక్క కుటుంబం కేసు. వాళ్ళని ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను, ఊరి పేరు రాయడం లేదు.

కేసు

నలభైకి దగ్గర పడుతున్న మనిషి, పదిహేనేళ్ళకి పైగా గుజరాత్ వేట. జులై మొదటి వారంలో మా దగ్గరికి వచ్చాడు, అదీ తనంతట తాను కాదు, ఆశా కార్యకర్త పట్టుబట్టి తీసుకొచ్చింది. మూడు నెలలుగా దగ్గు, రాత్రిళ్ళు చెమటలు, బరువు 41 కిలోలు. పాత కార్డు ఒకటి జేబులో మడతపెట్టుకుని తెచ్చాడు. అంతకుముందు ఒకసారి మందులు మొదలుపెట్టి నెల దాటాక ఆపేశాడు, ఆపేసిన నెల ఆగస్టు. ట్రూనాట్ అనే టీబీ పరీక్ష‌లో టీబీ ఉన్నట్టు తేలింది, టీబీకి ముఖ్యమైన మందు రిఫాంపిసిన్‌కి లొంగని రకం కాదని కూడా తేలింది. అది పెద్ద ఊరట, ఎందుకంటే మధ్యలో ఆపేసినవాళ్ళలో మందులకి లొంగని రకం వచ్చే ముప్పు ఎక్కువ. ఇంకో ముఖ్యమైన మందు ఐసోనియాజిడ్ సంగతి తేల్చడానికి ఇంకో నమూనా పై ల్యాబ్‌కి పంపాం, అదీ బాగానే వచ్చింది. షుగర్ లేదు, హెచ్ఐవీ లేదు.

వైద్యం పరంగా ఇది తేలికైన కేసు. మొదటి రెండు నెలలు నాలుగు మందులు కలిపిన మాత్రలు, తర్వాత నాలుగు నెలలు మూడు మందులవి, అతని బరువుకి రోజుకి మూడు మాత్రలు. ఆరు నెలలు వేసుకుంటే నయమవుతుంది. కానీ జులైలో మొదలుపెట్టి ఆరు నెలలంటే జనవరి, అతను రైలెక్కాల్సింది ఇంకో మూడు వారాల్లో. ఆ సంగతి చెప్పగానే అతనన్న మాట: "ఎల్లకపోతే ఎలాగ డాక్టరమ్మా? అడ్వాన్సు తినీసినాం."

కేసు మొత్తం ఈ మాటలోనే ఉంది. వేటకి మనుషుల్ని కుదిర్చేది తండేలు, బోటు నడిపే పెద్ద. ఓనరు దగ్గర తెచ్చిన అడ్వాన్సు ఇంటింటికీ పంచేది అతనే. మన మనిషి ఆ డబ్బుని జూన్‌లోనే ఇంటి స్లాబుకి పెట్టేశాడు. ఇప్పుడు వెళ్ళనంటే ఆ డబ్బు వెనక్కివ్వాలి, పైగా తండేలు మాట పోతుంది, వచ్చే ఏడు ఆ బోటులో చోటు ఉండదు. ఇది తెలిసి కూడా "ఆరోగ్యం కంటే డబ్బు ముఖ్యమా" అని అడిగేవాళ్ళంటే నాకు కోపం. ఆ ప్రశ్న ఎవర్ని అడుగుతున్నాం? ఆ ఇంట్లో రోజూ పొయ్యి వెలిగేది ఆ డబ్బుతోనే.

ఇంట్లో అతని భార్య, తల్లి, ఎనిమిదేళ్ళ అమ్మాయి, నాలుగేళ్ళ బాబు. భార్య ఎండుచేపలు అమ్ముతుంది. ఇంట్లో టీబీ అని ఊళ్ళో పాకితే తన బుట్ట దగ్గర ఎవరూ ఆగరని ఆవిడ భయం. మొదటిసారి ఇంటికి వెళ్ళినప్పుడు ఆవిడ మాట్లాడింది దాదాపు దాని గురించే.

ఒకే వీధి, రెండు రిజిస్టర్లు

బాబు బరువు వయసుకి తగినంత లేదు. ఈ విషయం అంగన్‌వాడీ టీచరుకి కొన్ని నెలలుగా తెలుసు, ఆవిడ ప్రతి నెలా తూచి రాస్తూనే ఉంది, గుడ్డు పాలు ఇస్తూనే ఉంది, ఎందుకు పెరగడం లేదో అర్థం కాక తల్లిని అడుగుతూనే ఉంది. ఆ ఇంట్లో టీబీ ఉందని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. ఆ వీధిలో బరువు పెరగని పిల్లాడు ఉన్నాడని మాకూ ఎవరూ చెప్పలేదు. అంగన్‌వాడీకి, ఏఎన్ఎం కూర్చునే విలేజ్ హెల్త్ క్లినిక్‌కి మధ్య దూరం పట్టుమని పది ఇళ్ళు. ఇద్దరూ రోజూ పలకరించుకుంటారు. అయినా ఆవిడ శాఖ వేరు, మా శాఖ వేరు, ఆవిడ యాప్ వేరు, మా యాప్ వేరు.

ఆరోగ్యంలో అసమానతల గురించి మాట్లాడేటప్పుడు మనం తరచూ దూరం గురించి మాట్లాడతాం, కొండ మీద ఊళ్ళు, డోలీ మోతలు. అది నిజమే. కానీ రోడ్డు, సచివాలయం, క్లినిక్, అంగన్‌వాడీ అన్నీ ఉన్న ఊళ్ళో కూడా ఒక ఇంటికి అందాల్సినవన్నీ విడివిడిగా వచ్చి, ఏదీ సగం కూడా అందకుండా పోవచ్చు. ఈ కేసులో ఎవరెవరి దగ్గర ఏముందో చూడండి. మందులు మా దగ్గర, పిల్లాడి బరువు అంగన్‌వాడీ దగ్గర, ఎవరు ఎప్పుడు ఏ రేవుకి వెళ్తున్నారన్న జాబితా సచివాలయంలోని మత్స్య సహాయకుడి దగ్గర, అతను వెళ్ళాలా ఆగాలా అన్న నిర్ణయం తండేలు దగ్గర, ఇంటి అప్పుల సంగతి డ్వాక్రా సంఘం దగ్గర. వీటిలో ఏ ఒక్కటి తప్పినా మందులు ఆగుతాయి.

అందుకని మొదట చేసిన పని, వీళ్ళందర్నీ ఒక మధ్యాహ్నం సచివాలయంలో కూర్చోబెట్టడం. ఏఎన్ఎం, ఆశా, అంగన్‌వాడీ టీచరు, మత్స్య సహాయకుడు, గ్రామ సమాఖ్య అధ్యక్షురాలు, మా టీబీ యూనిట్ నుంచి సీనియర్ ట్రీట్‌మెంట్ సూపర్‌వైజర్. పేరు చెప్పకుండా సమస్య మాత్రమే చెప్పాను: ఆగస్టులో మందులు ఆగిపోతున్నాయి, ఏం చేద్దాం? పేరు ఎవరికి చెప్పాలన్నది రోగి ఇష్టం. అంగన్‌వాడీ టీచరుకీ తండేలుకీ చెప్పడానికి అతను ఒప్పుకున్నాడు, తండేలుకి తానే చెప్తానన్నాడు. ఊరికి మాత్రం వద్దన్నాడు, ఆ మాట చివరిదాకా నిలబెట్టాం.

మొదట వచ్చిన ఆలోచన, అడ్వాన్సు తీర్చేసి మనిషిని ఊళ్ళోనే ఉంచేద్దామని. డ్వాక్రా సంఘాలకి ఇచ్చే స్త్రీనిధి లోను దొరుకుతుందేమోనని అడిగాం. సమాఖ్య అధ్యక్షురాలు కుదరదని నిక్కచ్చిగా చెప్పింది. ఆ సంఘంలో పాత వాయిదాలే నడుస్తున్నాయి, ఇంకో అప్పు ఎక్కితే నెలనెలా కట్టాల్సింది ఆ ఇంటి ఆడమనిషి. ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. ఒక జబ్బుని తగ్గించడానికి ఇంట్లో ఆడవాళ్ళ నెత్తిన అప్పు పెట్టే పథకాన్ని నేనిప్పుడు ఎవరికీ సలహా ఇవ్వను.

దారి దొరికింది తండేలు దగ్గర. యాభై దాటిన మనిషి, తన బోటులో ఒకప్పుడు టీబీతో పోయిన కళాసీ కథ చెప్పాడు. ఆ బోట్లలో ఏడెనిమిది మంది ఒకే క్యాబిన్‌లో పక్కపక్కన పడుకుంటారు, ఒకసారి లోపలికి వెళ్తే రెండు మూడు వారాల దాకా ఒడ్డుకి రారు. మందు పడకుండా దగ్గుతున్న మనిషిని అక్కడ పడుకోబెడితే ఎంతమందికి ప్రమాదమో ఆయనకి నేను వివరంగా చెప్పాల్సిన అవసరమే రాలేదు. మందులకి లొంగే రకమైతే, సరిగ్గా వేసుకుంటే, కొన్ని వారాల్లోనే ఎదుటివాళ్ళకి అంటుకునే ప్రమాదం బాగా తగ్గిపోతుందన్నది మాత్రం ఆయనకి కొత్త సంగతి. ఎన్ని వారాలు, ఎలా తెలుస్తుంది అని రెండు మూడు రకాలుగా అడిగి తెలుసుకున్నాడు.

చివరికి కుదిరిన ఒప్పందం ఇది. మొదటి రెండు నెలలు, అంటే నాలుగు మందుల దశ పూర్తయ్యేదాకా, మనిషి ఊళ్ళోనే ఉంటాడు. అతని బదులు బావమరిది ఆగస్టులో వెళ్తాడు, ఆ పని అడ్వాన్సులోంచి తగ్గుతుంది. సెప్టెంబరులో కళ్ళె (కఫం) పరీక్షలో క్రిములు లేవని తేలితే మనవాడు వెళ్ళి చేరతాడు. మిగతా మందులకి బోటు మీద తండేలే బాధ్యత. ఇందులో ప్రభుత్వం పైసా ఖర్చు లేదు. కానీ తండేలుతో మాట్లాడాలన్నది మా గైడ్‌లైన్స్‌లో ఎక్కడా ఉండదు.

తిండి

రెండు నెలలు సంపాదన లేకుండా ఇల్లెలా గడవాలి? నిక్షయ్ పోషణ్ కింద టీబీ రోగికి 2018 ఏప్రిల్ నుంచి నెలకి 500 రూపాయలు ఇచ్చేవారు, 2024 నవంబరు నుంచి అది 1000 అయింది. ఇప్పుడు మొదటి 3000 వైద్యం మొదలవగానే, మిగతా 3000 ఎనభై నాలుగు రోజుల మందులు అయ్యాక ఖాతాలో పడాలి. పడలేదు. బ్యాంకు ఖాతా ఉంది, ఆధార్ ఉంది, రెండిటినీ కలిపి సర్కారు డబ్బు ఖాతాలో పడేలా చేసే ఎన్‌పీసీఐ లింకు తెగిపోయి ఉంది. సచివాలయం డిజిటల్ అసిస్టెంట్ స్టేటస్ చూసి చెప్పాడు గానీ సరిచేయాల్సింది బ్యాంకులో, బ్యాంకు మండల కేంద్రంలో, అక్కడ మనిషి వేలిముద్ర వేయాలి. వలలు, తాళ్ళు లాగి లాగి అరిగిపోయిన వేళ్ళు, మిషన్ తీసుకోదు. జాలరి చేయి ఎలా ఉంటుందో తెలియనివాళ్ళకి ఇది చిన్న విషయంలా అనిపిస్తుంది. చివరికి కంటిపాప స్కాన్‌తో పని అయింది. అప్పటికి ఆగస్టు సగం గడిచిపోయింది.

ఈలోగా ఆ ఇంటిని నిలబెట్టింది తిండి కిట్టు. 2022 సెప్టెంబరులో మొదలైన నిక్షయ్ మిత్ర పథకంలో దాతలు రోగిని దత్తత తీసుకుని పోషకాహారం ఇవ్వొచ్చు. పైడిభీమవరం వైపు ఒక ఫ్యాక్టరీ ఉద్యోగులు ముందుకొచ్చారు. మొదట వాళ్ళు ప్రొటీన్ పౌడర్ డబ్బాలు ఇద్దామనుకున్నారు. వద్దని బతిమాలాం. బియ్యం, కందిపప్పు, నూనె, వేరుశనగలు, పాలపొడి ఇవ్వమన్నాం, రోగి ఒక్కడికే కాకుండా ఇంటిల్లిపాదికీ సరిపడా. పౌడర్ డబ్బా ఇస్తే దాన్ని పిల్లలకి పెట్టి తను తినడు, లేదా అటక మీద ఉండిపోతుంది.

ఇంటిల్లిపాదికీ అని పట్టుబట్టడానికి గట్టి ఆధారం ఉంది. ఝార్ఖండ్‌లో రేషన్స్ అనే పెద్ద అధ్యయనం జరిగింది, 2023లో ఫలితాలు వచ్చాయి. టీబీ రోగుల ఇళ్ళలో మిగతావాళ్ళకి ఒక్కొక్కరికి నెలకి ఐదు కిలోల బియ్యం, కిలోన్నర పప్పు అదనంగా ఇస్తే కొత్తగా టీబీ రావడం దాదాపు 40 శాతం తగ్గింది. మొదటి రెండు నెలల్లో బరువు పెరిగిన రోగుల్లో చావు ముప్పు కూడా బాగా తగ్గింది. నెలకి ఐదు కిలోల బియ్యం, కిలోన్నర పప్పు! ఇంత చవకైన పని చేయడానికి ఇంకా దాతల కోసం ఎదురుచూడాల్సి రావడం నాకు బాధగా ఉంటుంది.

ఇంట్లో అందరికీ పరీక్షలు చేశాం, టీబీ ఎవరికీ లేదు. బాబుకి ముందుజాగ్రత్తగా ఆరు నెలలు ఐసోనియాజిడ్ మొదలుపెట్టాం. తల్లి పొద్దున్నే చేపల కోసం వెళ్ళిపోతుంది, నానమ్మకి చూపు ఆనదు. అందుకని తల్లి ఒప్పుకున్నాక బాబు మాత్ర అంగన్‌వాడీకి చేరింది. టీచరు దాన్ని పొడి చేసి చెంచాడు నీళ్ళలో కలిపి వేశాకే గుడ్డు చేతిలో పెట్టేది. సెలవు రోజు మాత్ర కాగితంలో చుట్టి అక్క చేతికిచ్చి పంపేది. ఆరు నెలల్లో ఆ బాబుకి మందు తప్పిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఈ కేసులో అన్నిటికంటే సజావుగా నడిచిన పని ఇదే.

బోటు మీద

రెండు నెలల తర్వాత కళ్ళెలో క్రిములు లేవు. బరువు 46 కిలోలు. సెప్టెంబరు రెండో వారంలో వెళ్ళాడు.

టీబీ రోగుల వివరాలుండే నిక్షయ్ పోర్టల్లో పేరు అక్కడి యూనిట్‌కి బదిలీ చేశాం. కాయితం మీద పని అయిపోయినట్టే, నిజానికి అవలేదు. అక్కడివాళ్ళు ఫోన్ చేసిన రోజున మనవాడు సముద్రంలో ఉంటాడు, ఒడ్డుకొచ్చి ఆన్ చేస్తే వాళ్ళ మాట ఇతనికి రాదు, ఇతని మాట వాళ్ళకి రాదు. మాత్రల స్ట్రిప్పు వెనక నంబరుకి మిస్డ్ కాల్ ఇచ్చే పద్ధతి కూడా ఒకప్పుడు ఉండేది, సిగ్నల్ లేని చోట దాంతో ఏం లాభం? అందుకని బదిలీ చేసినా మందులు ఇక్కడి నుంచే చేతికిచ్చి పంపాం, రెండు విడతలుగా. రెండో విడత దసరా దాటాక ఊరి నుంచి వెళ్ళిన ఇంకో బోటు మనిషి పట్టుకెళ్ళాడు.

స్ట్రిప్పులు తడవకూడదు. మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలో పెట్టి తండేలు దాన్ని స్టీరింగ్ క్యాబిన్‌లో తన సామాన్ల దగ్గరే ఉంచుకున్నాడు. ఆశా కార్యకర్త తెలుగు క్యాలెండర్ నెలల కాగితాలు చింపి డబ్బా మూతకి లోపల అంటించింది, మింగిన రోజు అడ్డగీత. అలల మీద ఖాళీ కడుపుతో వేసుకుంటే వాంతి అవుతుందని పొద్దున్న టిఫిన్ తర్వాత అని మార్చాం. మూత్రం నారింజ రంగులోకి మారుతుందని, అది రక్తం కాదు మందు రంగని తండేలుకీ చెప్పి పంపాం, ఎందుకంటే వెనకటిసారి మందు ఆపడానికి అదీ ఒక కారణమని భార్య చెప్పింది. చూపు మసకబారినా, రంగులు తేడాగా కనబడినా, కళ్ళు పచ్చబడినా మందు ఆపి ఒడ్డు చేరగానే ఫోన్ చేయమన్నాం.

బోటు రేవుకి వచ్చినప్పుడల్లా తండేలు ఆ క్యాలెండర్ కాగితం ఫోటో ఆశాకి వాట్సాప్‌లో పెట్టేవాడు. నవంబరు కాగితంలో నాలుగు రోజులు ఖాళీ. ఎందుకంటే జ్వరం వచ్చి పడుకున్నాడట, మాత్ర వేసుకుంటే ఇంకా ఎక్కువవుతుందని భయపడ్డాడట. ఆశా ఫోన్లోనే గట్టిగా మాట్లాడింది: "అన్నా, నాలుగు రోజులు పోతే పోయాయి, ఇయాల్టి నుంచి మల్లీ మొదలెట్టు, ఆ నాలుగూ చివర్లో కలుపుకుందుం." అలాగే కలిపారు. జనవరిలో సంక్రాంతి దాటాక మందులు పూర్తయ్యాయి. చివరి కళ్ళె పరీక్ష అక్కడి యూనిట్‌లోనే చేయించుకున్నాడు, నెగటివ్. మే నెలాఖరుకి ఇంటికొచ్చినప్పుడు తూస్తే 49 కిలోలు.

అదే సీజన్లో ఇంకో కుర్రాడి విషయంలో మాత్రం ఇవేవీ పనిచేయలేదు. ఇరవై దాటిన వయసు, వేరే ఊరి తండేలు, ఆయన ఫోన్ ఎత్తలేదు. కుర్రాడు ఎవరికీ చెప్పకుండా మొదటి రైలుకే వెళ్ళిపోయాడు, మాత్రలు సగంలో ఆపి డిసెంబరులో ఇంకా చిక్కిపోయి తిరిగొచ్చాడు. ఇప్పుడు మళ్ళీ మొదట్నుంచి వాడుతున్నాడు. ఒక మంచి తండేలు దొరకడం మీద ఒక మనిషి ప్రాణం ఆధారపడి ఉండకూడదు, కానీ ప్రస్తుతానికి ఉంది.

తర్వాతి ఏడు మార్చినవి

అన్నిటికంటే ముఖ్యమైనది తేదీ. పడమటి నిషేధం జూన్ 1 నుంచి జులై 31 వరకు, అంటే 61 రోజులు. టీబీలో నాలుగు మందుల దశ 56 రోజులు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే, జూన్ మొదటి వారంలో జబ్బుని కనిపెట్టి మందులు మొదలుపెడితే ఆగస్టు 1 నాటికి ఆ దశ అయిపోవచ్చింది, తండేలుని బతిమాలాల్సిన పని సగం తగ్గింది. ఈ కేసులో జులైలో దొరకడం వల్లే అంత తంటా. అందుకని వలసవాళ్ళకి పరీక్షల క్యాంపు ఇప్పుడు జూన్ మొదటి వారంలో, ఊరి పెద్దలు చెప్పిన రోజున, రామమందిరం దగ్గరే పెడుతున్నాం. టీబీ క్యాంపు అని పేరు పెట్టం. గుజరాత్ నుంచి వచ్చిన ప్రతి మనిషికీ బీపీ, షుగర్, బరువు, కళ్ళు, దగ్గు. చేత్తో పట్టుకుని తిప్పే ఎక్స్‌రే మిషన్ దొరికిన ఏడు ఎక్స్‌రే కూడా. అందరూ వరసలో ఉంటారు కాబట్టి ఎవరి మీదా ఎవరి కన్నూ పడదు, ఎండుచేపల బుట్టలకి భయం లేదు.

అంగన్‌వాడీ టీచరు, ఏఎన్ఎం నెలకోసారి, పిల్లల్ని తూచిన మర్నాడు, రెండు రిజిస్టర్లూ పక్కపక్కన పెట్టుకుని అరగంట కూర్చుంటున్నారు. దీనికి ఏ ఆర్డరూ లేదు, వాళ్ళిద్దరి మధ్య ఒప్పందమే. ఈ ఇద్దరిలో ఎవరికి బదిలీ అయినా ఇది ఆగిపోతుందేమోనని నాకు టెన్షన్‌గా ఉంది. అంగన్‌వాడీలని చూసే ఐసీడీఎస్ సూపర్‌వైజర్‌నీ, మా పైవాళ్ళనీ రాతపూర్వకంగా పెట్టమని అడిగాం, ఇంకా రాలేదు.

తండేళ్ళకి చికిత్స సహాయకులుగా గుర్తింపు కావాలి. ఆశా కార్యకర్తకి ఒక రోగి మందులు పూర్తి చేయిస్తే ప్రోత్సాహకం వస్తుంది, ఆరు నెలల్లో నాలుగు నెలలు సముద్రం మీద చూసిన మనిషికి కనీసం పోర్టల్లో పేరు కూడా లేదు. అడుగుతున్నాం.

బారువ, కళింగపట్నం, భావనపాడు వైపు పీహెచ్‌సీల్లో పనిచేసేవాళ్ళు, చింతపల్లి, ముక్కాం వైపు వాళ్ళు ఇది చదువుతుంటే ఒక్క మాట. మే నెల మూడో వారానికే మీ మత్స్య సహాయకుడి దగ్గర వలసవాళ్ళ జాబితా, తండేళ్ళ ఫోన్ నంబర్లు తీసుకోండి. వాళ్ళు రైలు దిగే వారంలోనే క్యాంపు పెట్టండి. ఎన్‌పీసీఐ లింకు అదే రోజు, అదే టేబుల్ పక్కన, కంటిపాప స్కానర్‌తో సహా చూపించేయండి.